మైకక్క పెట్టించిన షరతు

పిండిమర నడిపే మనిషికి మెల్లగా మాట్లాడటం చేతకాదు. మర తిరుగుతున్నప్పుడు ఎదురుగా ఉన్నవాళ్ళకి మాట వినపడాలంటే అరవాల్సిందే. అలా అరిచీ అరిచీ, కొన్నాళ్ళకి మర ఆగినా అరుపు ఆగదు. అందుకే ఆ పేటలో ఆమెను చిన్నా పెద్దా అందరూ మైకక్క అనేవారు. “నీకు ఫోను దండగ, గుమ్మంలో నిలబడి మాట్లాడు చాలు” అని మొగుడు ఏడిపించేవాడు. ఆయనది ఇంకో రకం, పది మాటలు అడిగితే ఒక మాట చెప్పే మనిషి. మరరాళ్ళు అరిగితే ఉలీ సుత్తీ పట్టుకుని వాటికి గాట్లు పెట్టడం ఆయన పని. గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఊరందరితో వాదించడం ఆమె పని.

మైకక్కకి కోపం ఎక్కువని అందరూ అంటారు. ఎందుకు ఎక్కువో అడిగినవాళ్ళు తక్కువ. మర వెనకాల మురుగుకాలువ ఉంది. అది రోడ్డు కిందుగా ఒక తూములోంచి అవతలికి పోవాలి. పేటలో నాలుగిళ్ళు ఉన్నప్పుడు కట్టిన తూము, ఇప్పుడు పేట నిండిపోయింది, తూము మాత్రం అలాగే ఉంది. గట్టిగా వాన పడితే చాలు, నీళ్ళు వెనక్కి తన్ని మరలోకి వచ్చేస్తాయి. జనం నమ్మి ఇచ్చిన గింజలు, ఆడించి పెట్టిన పిండి, అన్నీ ఆ కంపులో తేలతాయి. ఒక వానాకాలం ఆ నీళ్ళలో నిలబడి బస్తాలు ఎత్తుతుంటే మొగుడి కాలికి ఏదో గీసుకుంది. చిన్న గాయమే అనుకున్నారు. అది చీము పట్టి, కాలు మిగిలిందంటే అదే అదృష్టమన్నాడు డాక్టరు. అప్పట్నుంచీ ఆయన కుంటుతూనే నడుస్తున్నాడు.

తూము వెడల్పు చేయించమని ఆమె తిరగని గడప లేదు. మర ముందున్న రోడ్డు ఒక ప్రతినిధిది. వెనక సందు ఇంకొకాయనది. తూము దాటితే మూడో ఆయనది. మొదటాయన “కాలువ నా నియోజకవర్గంలో లేదమ్మా” అన్నాడు. రెండో ఆయన “కాలువ నాదే, తూము నాది కాదు” అన్నాడు. మూడో ఆయన అసలు ఇంట్లో లేడు. లోపల్నుంచి ఆయన దగ్గు మాత్రం వినిపించింది.

ఒక పిండిమరని, దాని పెరటిని, పెరటి వెనక కాలువని ముగ్గురికి పంచిపెట్టిన మహానుభావుడెవరు? దేవుడు కాదు, వరదా కాదు. వెనకటికి ఒకసారి ఆ పేట పేటంతా ఒక్కటై ఓటేసి ఒక పెద్దమనిషిని ఇంటికి పంపింది. తరవాత హద్దులు మార్చే సంఘం ఒకటి కూర్చుంది. దానికి అధ్యక్షుడు ఎవరయ్యా అంటే, ఓడిపోయిన ఆ పెద్దమనిషికి స్వయానా తోడల్లుడు. హద్దుగీత ఆ పేట దగ్గరికి వచ్చేసరికి తాగినవాడిలా వంకర్లు తిరిగింది. ఒక ముక్క అటు, ఒక ముక్క ఇటు, తూము దాటి ఇంకో ముక్క. మూడు నియోజకవర్గాల్లోనూ ఆ పేట ఓట్లు కూరలో కరివేపాకయ్యాయి. ఓటు హక్కు తీసేయలేదు సుమా! ఓటు చేతిలో పెట్టి, దానికి విలువ లేకుండా చేశారు. తీసేస్తే జనం తిరగబడతారు, ఇలా చేస్తే ఏం జరిగిందో కూడా తెలీదు. అదీ వాళ్ళ తెలివి. ఆ తెలివి తలుచుకుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. మైకక్కకి మండిందంటే తప్పేముంది?

కాబట్టి, హద్దులు గీసే పని నాయకుల చేతుల్లోంచి లాగేసి స్వతంత్ర కమిషన్‌కి అప్పగించాలని ఒక లాయరమ్మ ఊరూరా తిరుగుతుంటే, మొదట మర వరండా ఖాళీ చేసి కుర్చీలు వేసింది మైకక్కే. లాయరమ్మ సన్నగా, కళ్ళద్దాలతో, వాక్యం పూర్తయ్యేదాకా ఊపిరి తీసుకోకుండా మాట్లాడే మనిషి. మైకక్క సంతకాలు చేయించడానికి వెళ్ళిందంటే తలుపులు వాటంతటవే తెరుచుకునేవి, తెరవకపోతే వీధంతా వినాల్సి వస్తుంది గనక.

చట్టం ముసాయిదా చదివి వినిపించడానికి ఒక ఆదివారం స్కూలు హాల్లో మీటింగు పెట్టారు. కమిషన్‌లో సగం మంది చదువుకున్న నిపుణులు, సగం మంది దరఖాస్తు పెట్టుకున్న మామూలు జనంలోంచి చీటీ తీసి ఎంపికైనవాళ్ళు. గడిచిన అయిదేళ్ళలో ఏ పార్టీ పదవిలో ఉన్నవాళ్ళకీ, వాళ్ళ భార్యాభర్తలకీ, పిల్లలకీ, తోబుట్టువులకీ అందులో చోటు లేదు. లాయరమ్మ అంతదాకా చదివి ఆగింది.

వెనక వరసలోంచి మైకక్క లేచింది. “అంతేనా?”

“ఇంకేం కావాలక్కా?”

“తోడల్లుడేడీ?”

హాలంతా గొల్లుమంది. ఆమె మాత్రం నవ్వలేదు.

“నవ్వండి, నవ్వండి. మనల్ని మూడు ముక్కలు చేసినోడు తమ్ముడా, కొడుకా? తోడల్లుడు! మన దగ్గర పనులు తోబుట్టువుల మీద జరుగుతాయా ఎక్కడైనా? అన్నదమ్ములు కొట్టుకు చస్తారు. పనులు జరిగేదంతా బావమరుదుల మీదా, తోడల్లుళ్ళ మీదా, వియ్యంకుల మీదా. వియ్యంకుడు అడిగితే కాదనే మగాడున్నాడా ఈ హాల్లో? ఉంటే చెయ్యెత్తండి, చూస్తాను.”

ఎవరూ చెయ్యెత్తలేదు. లాయరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఆ ముగ్గుర్నీ ముసాయిదాలో చేర్చింది. పేపర్లవాళ్ళు దానికి మైకక్క షరతు అని పేరు పెట్టారు. చట్టం జనం ఓటుకి వెళ్ళి నెగ్గింది. కమిషన్ వచ్చింది. దరఖాస్తు పెట్టిన వేలమందిలోంచి చీటీలు తీస్తే, వచ్చిన పేర్లలో మైకక్క పేరుంది.

ఆ రోజు మర దగ్గర తిరునాళ్ళే. మొగుడు ఆనందం పట్టలేక రెండు వాక్యాలు మాట్లాడాడు. మైకక్క ఏడ్చింది, ఏడుస్తున్నానని ఎవరైనా అంటే పిండి కళ్ళలో పడిందని తిట్టింది. పేటంతా ఒకే నియోజకవర్గంలోకి రావాలి, తూము ఒక్కడి నెత్తిన పడాలి, వాడు తప్పించుకోవడానికి దారి ఉండకూడదు. ఆమె కోరుకున్నది ఇంతే. చెయ్యి చాపితే అందేటంత దగ్గరకొచ్చింది ఇప్పుడు.

ప్రమాణ స్వీకారానికి ఇంకా కొన్నాళ్ళుందనగా వియ్యంకుడు వచ్చాడు. కూతురి మామగారు. బజారు చివర టైర్ల దుకాణం ఆయనది. నోట్లో నాలుక లేని మనిషి, కోడల్ని కన్నకూతురిలా చూసుకుంటాడు. ఆయనకున్న పిచ్చల్లా ఒక్కటే, పార్టీ. అది అధికారంలో ఉన్నా లేకపోయినా దాని జెండాలు కడతాడు, గోడలకు కాగితాలు అంటిస్తాడు, మీటింగులకు కుర్చీలు మోస్తాడు. ఇన్నేళ్ళలో వేదిక మీదికి మాత్రం ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. అలాంటి మనిషి ఆ రోజు ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, మెడలో కండువాతో వరండాలోకి వచ్చాడు.

“రండి అన్నయ్యగారూ, ఏంటివాళ పెళ్ళికొడుకులా ఉన్నారు?”

“చెల్లెమ్మా, నాకు పదవిచ్చారు!” ఆయన కండువా సర్దుకున్నాడు. “వార్డు ఉపాధ్యక్షుణ్ణి. మా పార్టీ ప్రతినిధిగారు స్వయంగా కండువా కప్పారు. బజారు మొగలో నా బొమ్మతో ఫ్లెక్సీ కూడా పెట్టారు. మొదట నీకే చెప్దామని వచ్చాను. మనింట్లో ఒకే నెలలో రెండు గౌరవాలు, చూశావా?”

మైకక్క చేతిలోని జల్లెడ అలాగే ఆగిపోయింది. ఆమె పెట్టించిన షరతు, ఆమె నోటితో చెప్పిన మాట, వియ్యంకుడు, కండువా కప్పుకుని ఎదురుగా నిలబడి నవ్వుతున్నాడు. ఆ షరతులో వియ్యంకులూ ఉన్నారని ఆయనకు తెలీదు. తెలిస్తే అలా నవ్వలేడు. చిన్నపిల్లాడికి కూడా అంత కల్మషం లేని నవ్వుండదు.

ఆమె జీవితంలో నోటిదాకా వచ్చిన మాటను మింగడం అదే మొదలు. “సంతోషం అన్నయ్యగారూ, కూర్చోండి, మంచినీళ్ళు తెస్తాను” అని లోపలికి వెళ్ళి, గోడకి తల ఆనించుకుని నిలబడింది.

మర్నాడు సఫారీ వచ్చాడు. ఆ ప్రతినిధిగారి పనులన్నీ చక్కబెట్టేది అతనే. ఎండా వానా లేకుండా సఫారీ సూటు వేసుకుంటాడు కాబట్టి అసలు పేరు అందరూ మర్చిపోయారు. మర ఆపమని సైగ చేశాడు. మైకక్క ఆపలేదు. దాంతో అతను పాపం అరిచి బెదిరించాల్సి వచ్చింది.

“మీ వియ్యంకుడిగారికి పదవొచ్చిందటగా, శుభాకాంక్షలు! మీ షరతు ప్రకారం మీరిక కమిషన్‌లో కూర్చోకూడదేమో?”

“ఆయన రాజీనామా చేస్తాడు.”

“చేసినా లాభం లేదమ్మా, అయిదేళ్ళ మాటుందిగా. ఒక్కరోజు పదవిలో ఉన్నా ఉన్నట్టే.” అతను బెంచీ మీది పిండి దులుపుకుని కూర్చున్నాడు. “కంగారు పడకండి. మేము అభ్యంతరం పెట్టం. ఈ ఊళ్ళో ఎవరు ఎవరికి వియ్యంకుడో కమిషన్‌వాళ్ళకేం తెలుసు? ప్రమాణం చెయ్యండి, హాయిగా కూర్చోండి. మీ పేట కలుపుకోండి, మీ తూము కట్టించుకోండి, మేమేమన్నా వద్దన్నామా? మిగతాచోట్ల గీత ఎలా పోవాలో మాత్రం అప్పుడప్పుడు మేము చెప్తుంటాం. మీరు వినకపోతే, అప్పుడు మాకు గుర్తొస్తుంది, అయ్యో ఈవిడ దొంగప్రమాణం చేసిందే అని.”

ఇదీ సంగతి. ఆమెను తీసేయడం వాళ్ళకక్కర్లేదు. తీసేస్తే ఇంకెవరో వస్తారు, వాళ్ళు మాట వింటారో వినరో. ముక్కుతాడు వేసి కూర్చోబెడితే ఎప్పటికీ వింటుంది. దానికోసం ఒక అమాయకుడి ఇన్నేళ్ళ ఆశని తాడుగా పేనారు. నీచమంటే ఇంతకన్నా ఏముంటుంది? మైకక్క అక్కడున్న చాట తీసి విసిరింది. అది సఫారీకి తగల్లేదు గానీ అందులోని తవుడంతా తగిలింది. అతను లేచి దులుపుకుంటూ, “ఆలోచించుకోండి, తొందర లేదు” అని నవ్వుతూనే వెళ్ళాడు.

ఆమె నేరుగా వియ్యంకుడి ఇంటికి వెళ్ళింది. మనసులో ఉన్నదంతా కక్కేయాలనే వెళ్ళింది. అక్కడ ముందుగది నిండా చుట్టాలు. ఆయన మధ్యలో కూర్చుని, ప్రతినిధిగారు తన భుజం మీద చెయ్యెలా వేశారో మళ్ళీ మళ్ళీ చెప్తున్నాడు. వియ్యపురాలేమో, ఆయన ఆ చొక్కా ఉతకనివ్వడం లేదని నవ్వుతోంది. కూతురు తల్లి మొహం చూస్తూనే ఏదో జరిగిందని గ్రహించి, వంటింట్లోకి లాక్కెళ్ళింది. విషయమంతా విని ముందుగదివైపు ఒకసారి తొంగిచూసింది.

“అమ్మా, నిన్ను వద్దనను. కానీ మామయ్యని ఇంత సంతోషంగా నేనెప్పుడూ చూళ్ళేదు. నువ్వు ఇక్కడ కేకలేసి వెళ్ళిపోతావు. రేపట్నుంచి ఈ ఇంట్లో ఆయన మొహం చూస్తూ తిరగాల్సింది నేను.”

మైకక్క బయటపడింది. దారిలో బజారు మొగలో ఫ్లెక్సీ కనపడింది. పైన ప్రతినిధి తలకాయ బండి చక్రమంత. కింద మూల అందరికన్నా చివర వియ్యంకుడి బొమ్మ తపాలాబిళ్ళంత. వాళ్ళిచ్చిన గౌరవం ఆ మాత్రమే. ఆమెకు దాన్ని నిలువునా చింపేయాలనిపించింది. ఆయన రోజూ దుకాణం తెరవడానికి ఆ దారినే వెళ్తాడని గుర్తొచ్చి చేతులు కట్టుకుని నడిచింది.

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. ఆయన రాయికి గాట్లు పెడుతూ విన్నాడు.

“ఆ రోజు హాల్లో నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది” అన్నాడు.

“ఏమన్నావు?”

“తోడల్లుడితో ఆపినా సరిపోయేది. మనకి తోడల్లుళ్ళు లేరు.”

ఆమె కోపంతో ఊగిపోతూనే నవ్వేసింది, నవ్వుతూనే ఏడ్చింది. తరవాత అడిగింది, “ఒప్పుకుంటే తూము కడతారయ్యా. నీ కాలు చూసినప్పుడల్లా నాకు అదే అనిపిస్తోంది. ఒప్పుకోనా?”

ఆయన సుత్తి పక్కన పెట్టాడు. “నా కాలు సాకు పెట్టుకుని ఒప్పుకోకు. నీకు ఒప్పుకోవాలనుంటే ఒప్పుకో” అని, కుంటుకుంటూ వెళ్ళి దీపం ఆర్పాడు.

ప్రమాణ స్వీకారం పాత కచేరీ భవనంలో జరిగింది. పంకాలు తిరుగుతున్నా గాలి రాని పెద్ద హాలు. వేదిక మీద బల్ల, దాని వెనక రిటైరైన జడ్జి. ముందు వరసలో ఎంపికైన వాళ్ళు, వెనక జనం. సఫారీ గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వియ్యంకుడు కూడా వచ్చాడు, అదే చొక్కా, అదే కండువా. చెల్లెమ్మ ప్రమాణం చేస్తుంటే చూడాలని దుకాణం మూసి మరీ వచ్చాడు. ఆమె వెనక్కి తిరిగితే చెయ్యి ఊపాడు.

ప్రమాణానికి ముందు ప్రతివాళ్ళనీ జడ్జి అదే ప్రశ్న అడుగుతున్నాడు: గడిచిన అయిదేళ్ళలో మీ కుటుంబంలో ఎవరికైనా పార్టీ పదవి ఉందా? అంటూ ఒక్కొక్క వరసా చదువుతున్నాడు. మైకక్క వంతు వచ్చింది.

“భర్త?”

“లేదు.”

“పిల్లలు? తోబుట్టువులు?”

“లేదు.”

“బావమరుదులు? తోడల్లుళ్ళు?”

“లేదు.”

“వియ్యంకులు?”

లాయరమ్మ కళ్ళద్దాల వెనకనుంచి ఆమెనే చూస్తోంది. ఆమెకేమీ తెలీదు. గోడ పక్కనున్నవాడికి మాత్రం అంతా తెలుసు. ఒక్క మాట, మూడుసార్లు చెప్పిన మాటే నాలుగోసారి చెప్తే తూము వస్తుంది. ఆ తరవాత ఈ జన్మంతా వాడు చిటికేస్తే లేవాలి.

“ఉన్నాడండీ” అంది మైకక్క. హాలు మొత్తం వినపడింది. “మా కూతురి మామగారు. అదిగో, ఆ తెల్లచొక్కా ఆయన. ఈ మధ్యనే వార్డు ఉపాధ్యక్షుణ్ణి చేశారు. షరతు పెట్టించింది నేనే. నా పేరు కొట్టేసి ఇంకో చీటీ తియ్యండి.”

అందరి తలకాయలూ ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి. వియ్యంకుడు ఊపుతున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. లాయరమ్మ లేచి ఏదో అనబోయింది. జడ్జి పెన్ను తీసి ఆమె పేరు మీద గీత కొట్టాడు. మైకక్క కుర్చీలోంచి లేచి, నడవలోంచి నడుచుకుంటూ బయటికొచ్చేసింది.

వియ్యంకుడు వెనకాలే వరండాలోకి వచ్చాడు. ఆయన తిడతాడనుకుంది. తిడితే పడదామనుకుంది. పదిమందిలో వేలుపెట్టి చూపించింది మరి.

“చెల్లెమ్మా” అన్నాడు ఆయన. “ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. నాకు ఆ పదవి ఇచ్చింది... నిన్ను పట్టుకోడానికా?”

కాదు అని చెప్పేస్తే ఏం పోయింది? కానీ అబద్ధం చెప్పడం చేతకాకే కదా ఇంతదాకా వచ్చింది.

“అవును అన్నయ్యగారూ.”

ఆయన వరండా మెట్టు మీద కూలబడ్డాడు. “వర్షంలో తడుస్తూ జెండాలు కట్టాను. మావాడు పుట్టిన రోజున కూడా మీటింగులోనే ఉన్నాను. ఇన్నేళ్ళకి గుర్తుపెట్టుకున్నారు గదా అనుకున్నాను.” ఆ మాట అని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ వయసులో మగాడు అలా వెక్కిళ్ళు పెట్టి ఏడవడం మైకక్క ఎన్నడూ చూడలేదు.

ఆమెకు ఒళ్ళంతా నిప్పంటుకున్నట్టయింది. పేటని ముక్కలు చేస్తే కోపమొచ్చింది. మొగుడి కాలు కుంటిదైతే కోపమొచ్చింది. అవన్నీ ఈ కోపం ముందు ఎందుకూ పనికిరావు. ఆయన భుజం మీద చెయ్యి వేసి, “ఇక్కడే కూర్చోండి, ఎటూ వెళ్ళకండి” అని చెప్పి హాల్లోకి తిరిగి వెళ్ళింది.

లోపల ప్రమాణాలు అయిపోయాయి. జనం తమ అభిప్రాయాలు చెప్పవచ్చని జడ్జి ప్రకటిస్తున్నాడు. ఎవరూ లేవకముందే మైకక్క ముందుకెళ్ళి నిలబడింది. గుమాస్తా మైకు అందించబోతే చేత్తో పక్కకు నెట్టేసింది. సఫారీ గోడ వదిలి మెల్లగా తలుపువైపు జరుగుతున్నాడు.

“ఎక్కడికయ్యా, నిలబడు! నిన్న కాక మొన్న మా మరలో కూర్చుని నువ్వు చెప్పినవన్నీ ఇప్పుడు వీళ్ళందరికీ చెప్తాను.”

అతను నిలబడిపోయాడు. జడ్జి మర్యాదగానే అడిగాడు, “అమ్మా, మీరు మాట్లాడదలుచుకున్నది మీ పేట హద్దుల గురించేనా? తూము సమస్య ఉందని లాయర్‌గారు చెప్పారు.”

“తూము ఎక్కడికీ పోదండీ, దాని సంగతి తరవాత చెప్తాను” అంది మైకక్క. “బయట మెట్ల మీద మా అన్నయ్యగారు కూర్చుని ఏడుస్తున్నారు. ముందు అది రాసుకోండి.”